సీలు వేసిన వెలుతురు

“బీమా అమ్మ వచ్చింది” అని గేటు దగ్గర వాచ్‌మన్ పెంటయ్య వేసిన కేక లోపలికి వెళ్ళేసరికి, లోపలున్నవాళ్ళు బయటికి వెళ్ళిపోయారు.

భూలక్ష్మి అన్నది అది కాదు. ఏం పని మీద వచ్చారని పెంటయ్య అడిగితే, “బీమ్ చూడనీకి వచ్చిన, హైద్రాబాద్ నుంచి” అంది. లేజర్ ప్రింటర్ లోపల అటూ ఇటూ పరుగెత్తే సన్నని వెలుతురు పోగును ఆమె కంపెనీలో బీమ్ అంటారు. పెంటయ్య చెవి దానికి ఒక దీర్ఘం తగిలించుకుంది. పోయిన నెల ఒక బీమా ఏజెంటు ఇదే ఆఫీసులో కుర్చీ వేసుకుని అందరి చావుల గురించీ ఆప్యాయంగా మాట్లాడి వెళ్ళాడు. అప్పట్నుంచి ఆ మాట వింటే చాలు, ప్రాణం మీద తీపి ఉన్నవాళ్ళంతా వెనక తలుపు వెతుక్కుంటున్నారు. గుమాస్తా మరుగుదొడ్డిలో దూరి గడియ పెట్టుకున్నాడు. సెక్రటరీ బాలకిష్టయ్య గోడౌన్‌లో బస్తాల మధ్య తానూ ఒక బస్తా అయిపోయాడు.

అది గద్వాలలోని తుంగభద్ర వేరుశనగ రైతుల సహకార సంఘం. సహకారంలో ‘సహ’ ఎప్పుడో రాలిపోయి కారం ఒక్కటే మిగిలింది. శనగ వేరు, సంఘం వేరు అని రైతులు ఊరికే అనరు.

పారిపోకుండా ఉన్నది ఇద్దరే. ఒకరు టీ గ్లాసులు కడుగుతున్న ఆయా మణెమ్మ. ఇంకొకరు కంప్యూటర్ ముందు కూర్చున్న నలభై దాటిన మనిషి, ఆపరేటర్ గౌస్ పాషా. అప్పటికే ఒక మెమో పుచ్చుకున్నవాడు కుర్చీ వదిలితే ఇంకో మెమో వస్తుంది. అందుకని ఆయన కదల్లేదు.

“కూసోండ్రి మేడం” అని లేచి తన కుర్చీ తుడిచి ఇచ్చాడు. “కంపెనీ నుంచి గదా. మిషన్ గదో.”

ప్రింటర్ బల్ల మీద ఉంది. దాని చుట్టూ అడ్డంగా, నిలువుగా పురికొస కట్టి ఉంది. ముడి మీద ఎర్రటి లక్క, లక్క మీద సంఘం ముద్ర. పక్కన కాగితం చీలిక మీద సెక్రటరీ సంతకం. ఎన్నికల పెట్టెను కూడా అంత భద్రంగా కట్టరు.

“మూతకు సీలేసిండ్రా?” అంది భూలక్ష్మి.

“కాగితం పెట్టే తట్ట బయటనే ఉంటది గదా. అచ్చు అయితనే ఉన్నది. మూత మాత్రం తెర్వొద్దన్నరు.”

బీమా కాదని ధైర్యం చిక్కాక బాలకిష్టయ్య గోడౌన్‌లోంచి తిరిగి వచ్చాడు. భుజం మీద శనగపొట్టు దులుపుకుంటూ విషయం చెప్పాడు. దసరా దాకా మిషన్ బ్రహ్మాండంగా ఉండేది. దసరా అయిపోయిన మర్నాటి నుంచి ప్రతి కాగితం మీదా కుడివైపు పై నుంచి కింది దాకా పాపిట తీసినట్టు తెల్లటి చార. ఆ చార సరిగ్గా పేర్ల మీదుగా పోతోంది.

“ఎవరో మూత తెరిచిండ్రు మేడం గారూ. ఎవరో అంటే ఎవరో కాదు, మూత తెర్వొచ్చేటిది ఒక్కనికే” అని గౌస్ పాషా వైపు చూడకుండా గౌస్ పాషానే చూపించాడు. “శుక్రవారం పాలకవర్గం కూసుంటది. అందరి ముంగట సీలు తీస్తం. ఆపరేటర్ అజాగ్రత్త అని మీరు కాగితం రాసియ్యుండ్రి. ఆయన్ని పంపించి ఇంకొకన్ని పెట్టుకుంటం.”

భూలక్ష్మికి ఇదే మాట హైదరాబాదులో మేనేజర్ కూడా చెప్పి పంపాడు. లెన్సు చెడిందని తేలితే మిగతా సంఘాలు ఆర్డర్లు మానుకుంటాయి. ఆపరేటర్ తప్పు అని నాలుగు ముక్కలు రాసి బస్సెక్కు, లెన్సు దాకా వస్తే నీ దాకా వస్తుంది, అన్నాడు. అది నిజమే. ప్రింటర్‌ను చెయ్యకముందే దాని లోపలి వెలుతురును కంప్యూటర్లో నడిపించి, అది కాగితం చివర దాకా ఏ ఆకారంలో పడుతుందో లెక్క కట్టడం ఆమె ఉద్యోగం. ఈ లెన్సు బీమ్‌ను గుండ్రంగా దించుతుంది, చేసుకోండి, అని చెప్పింది ఆమే. తన లెక్క తప్పయితే ఆ తెల్లచార తనది.

అంతలో గట్టు మండలం నుంచి కురుమయ్య అనే రైతు విత్తనాల చిట్టీ పట్టుకుని వచ్చాడు. యాసంగి శనగకు దుక్కి తడి ఆరిపోతోంది. చిట్టీ మీద ఆయన పేరులో మొదటి అక్షరం, చివరి అక్షరం ఉన్నాయి. మధ్యలో ఖాళీ.

“గోడౌన్ల ఇస్తలేరు సారూ. ఇది నీ పేరేనని ఏం నమ్మకం అంటుండ్రు. నా పేరు నాకు తెల్వదా.”

“చేతిరాత చెల్లదు, మిషన్ అచ్చే చెల్లుతది” అన్నాడు బాలకిష్టయ్య. మిషన్ వచ్చిన గర్వంలో ఆ మాటే గోడ మీద బోర్డు రాయించింది ఆయనే. “నన్నెందుకడుగుతవ్? గాయన్నడుగు. మిషన్ పొట్ట గెలికింది ఆయనే.”

కురుమయ్య చిట్టీని ఉండచుట్టి గౌస్ పాషా మీదికి విసిరాడు. “మా పొట్ట మీద కొడ్తివి గదయ్యా.”

గౌస్ పాషా ఆ ఉండను మెల్లగా విప్పాడు. బల్ల అంచుకు పెట్టి ముడతలు సాపు చేశాడు. నాలుగు మూలలూ సరిచూసుకుని దొంతరలో పెట్టాడు. ఆ దొంతర అప్పటికే జానెడు ఎత్తుంది. “తప్పైంది పెద్దాయనా” అన్నాడు. ఏం తప్పో చెప్పలేదు.

భూలక్ష్మికి ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు. కాసేపు ఆ తప్పైంది అన్నవాడి మీదే మండింది.

*

ఆమె వనపర్తిలో అక్క ఇంట్లో దిగింది. పొద్దున్నే పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి దాటుకుంటూ బస్సులో వచ్చేది. సంచీలో ఫ్లాపీలు, ఒక భూతద్దం, అక్క కట్టిచ్చిన జొన్నరొట్టె. సీలు తియ్యనివ్వరు కాబట్టి, లోపల ఏముందో బయటినుంచే కనిపెట్టాలి. తాళం వేసిన గదిలో ఏం జరిగిందో తలుపు కింద పడిన వెలుతురును బట్టి చెప్పడం లాంటి పని. ఆమెకు నచ్చేది ఆ పనే.

చార పడిన కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో చూసింది. చార నడుమ శుభ్రంగా తెలుపు. అంచులు మాత్రం కత్తిరించినట్టు లేవు. నలుపు మెల్లమెల్లగా బూడిదై, బూడిద మెల్లమెల్లగా తెలుపైంది. అంచున ఉన్న అక్షరాలు పక్కలకు సాగి, తడి గోడ మీద రాసిన సున్నంలా చెదిరాయి.

ఆఫీసు కంప్యూటర్లో తన ప్రోగ్రామ్ ఎక్కించింది. లేజర్ ఎక్కడ, తిరిగే అద్దం ఎక్కడ, లెన్సు ఎంత వంపు, ఆ తర్వాత వెలుతురును కిందికి మళ్ళించే పొడుగాటి అద్దం ఎంత దూరం, అన్నీ ఒక్కొక్కటే టైపు చేసింది. ముందు అనుమానం తన మీదే పెట్టుకుంది. లెన్సులో లోపం ఉందనుకుని నడిపించింది. తెర మీద అంకెలు చీమల బారులా కదిలాయి. సగం బారు కదిలాక కరెంటు పోయింది.

“గద్వాల కరెంటుకు భూతకాలమే గానీ వర్తమానం లేదు” అంది భూలక్ష్మి.

గౌస్ పాషా నవ్వాడు. ఆ ఆఫీసులో ఆయన నవ్వడం మణెమ్మ ఈమధ్య చూళ్ళేదు. టీ గ్లాసు ఇస్తూ, “నవ్వు భాయ్, నవ్వుకు మెమో ఇయ్యరులే” అంది.

కరెంటు వచ్చింది, పోయింది, వచ్చింది. లెన్సు చెడితే బీమ్ కోడిగుడ్డులా సాగుతుంది. కాగితం అంచులకు పోయేకొద్దీ అక్షరాలన్నీ లావెక్కుతాయి. కానీ ఈ కాగితంలో చార తప్ప మిగతా అక్షరాలన్నీ ముత్యాలు. ఆమె గుండెల మీంచి ఒక బండ దిగింది. తిరిగే అద్దం మీద మురికి పెట్టి చూసింది. దాని మీద ప్రతి గీతకూ అదే చోటు పని చేస్తుంది గనక పేజీ మొత్తం వెలవెలబోయింది. అదీ కాదు. కాగితానికి బాగా దగ్గరలో ఏదో అడ్డు పెట్టి చూసింది. చార వచ్చింది గానీ అంచులు గడ్డం కత్తితో గీసినట్టు పడ్డాయి. కాదు.

పొడుగాటి అద్దం మీద అడ్డు పెట్టింది. అక్కడ బీమ్ ఇంకా పూర్తిగా సన్నబడదు, కందిగింజ కన్నా కాస్త చిన్నగా ఉంటుంది. బీమ్ దగ్గరికి వచ్చేసరికి అడ్డు దాన్ని కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ పోయింది, గ్రహణం నాటి చంద్రుణ్ణి కొరికినట్టు. కొరికిన బీమ్ గుండ్రం తప్పి పక్కకు చెదిరింది. తెర మీద అంచులు బూడిదయ్యాయి. కాగితాన్ని తెర పక్కన పెట్టింది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

“దొరికింది” అంది. అనేసి గౌస్ పాషా మొహం చూసింది. ఆయన మొహంలో సంతోషం లేదు. ఏదో దొరకకూడనిది దొరికినట్టు, రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

*

అంకెలంటే మణెమ్మకు పట్టదు గానీ సంగతేందో ఆమెకు తెలుసుకోవాలని ఉంది. భూలక్ష్మి పెంటయ్య టార్చి అడిగి తెచ్చి, కిటికీ మూసి, సున్నపు గోడ మీద వెలుతురు వేసింది.

“అక్కా, నీ వేలు గోడకు ఆనిచ్చి పెట్టు. నీడ చూడు, అంచు ఎంత సాఫుగ ఉన్నదో. ఇప్పుడు వేలు మెల్లగ టార్చి దిక్కు తే.”

మణెమ్మ వేలు దగ్గరికి తెచ్చింది. నీడ అంచులు కరిగి పలచబడ్డాయి.

“గంతే. అంచు ఎంత మసక ఉన్నదో చూస్తే, అడ్డమొచ్చింది ఎంత దూరంల ఉన్నదో తెలుస్తది. కాగితం మీద గీత గింత మసక ఉన్నదంటే, ఆ వస్తువు లోపల పొడుగు అద్దం మీద ఉన్నట్టు.”

“ఎంత ఉంటది బిడ్డా?”

భూలక్ష్మి పెన్సిల్‌తో కాగితం మీద చిన్న గుండ్రం గీసింది. “ఇంత వెడల్పు. ఇంతకు ఎక్కువ ఉండదు.”

మణెమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. చూస్తూ చూస్తూ, ఆమె రెండో చెయ్యి దానంతట అది నొసటికి పోయింది. భూలక్ష్మి చూపు ఆ చేతి వెంట పోయింది. మణెమ్మ నొసట ముదురెరుపు బొట్టుబిళ్ళ. కాగితం మీద గుండ్రం. రెండూ ఒకే కొలత.

గౌస్ పాషా లేచి గది తలుపు దగ్గరికి వేశాడు.

“నేనే పెట్టిన బిడ్డా” అంది మణెమ్మ. “ఆయుధ పూజ నాడు. అన్నిటికీ బంతిపూలు కట్టినం, పెంటయ్య గేటు కాడ గుమ్మడికాయ కొట్టిండు. మిషన్‌కు పైన కుంకుమ పెడితే, వెలుతురు లోపల ఉంటది గదా, లోపల పెట్టు అన్నడు సెక్రటరీ సార్. గౌస్ భాయ్‌ని మూత తీసి పట్టుకొమ్మన్నడు. కుంకుమ అద్దానికి నిలుస్తలేదు, రాలుతుండె. నా నొసటిది తీసి అంటిచ్చిన. ఇంట్ల అద్దానికి రోజూ గట్లనే అంటిస్త గదా, ఏమైతదనుకున్న.”

భూలక్ష్మి గౌస్ పాషా వైపు తిరిగింది. “మీకు తెలుసు.”

“తెలుసు మేడం.”

“తెలిసి ఆయన తిట్టంగ తిట్టిచ్చుకుంటుండ్రు. చిట్టీలు మొహాన కొడితే ఏరుకుంటుండ్రు. నోరు లేదా మీకు? తుడిస్తే పోయేది గదా.”

“తుడుద్దామనే అనుకున్న, మర్నాడే. చెయ్యి పెట్టిన గూడ.” ఆయన తన చేతిని ఇంకొకరిది చూసినట్టు చూసుకున్నాడు. “మల్ల ఎవరన్న చూసిండ్రనుకోండ్రి. పూజల పెట్టిన బొట్టు తుడిచిండు అంటరు. తుడిచింది ఎవరు? గౌస్ పాషా. పోనీ, చెప్పిన అనుకోండ్రి. ఏమని చెప్పాలె? మీ పూజ వల్ల మిషన్ చెడింది అని చెప్పాలె. నేను. నా నోటితోని.” గొంతు పెంచలేదు. “మెమోతోని నౌకరి పోతే ఇంకో నౌకరి చూసుకుంట. గా మాటతోని పోతే మేము ఈ గల్లీలనే గదా మేడం నడవాలె.”

“నేను చెప్తలే” అంది మణెమ్మ.

“చెప్తే సార్ నేను పెట్టుమనలేదు అంటడు. నీ నౌకరి గూడ పోతది అక్కా. నీది పర్మనెంటు గూడ కాదు.”

మణెమ్మ కొంగుతో గ్లాసు తుడవడం మొదలుపెట్టింది. ఆ గ్లాసు అప్పటికే తుడిచింది.

భూలక్ష్మి చేతిలో పెన్సిల్ మొన విరిగింది. ఆమెకు మామూలుగా కోపం వస్తే మాటలు పుడతాయి, మాటకు మాట అతుక్కుని వస్తుంది. ఈసారి ఒక్కటీ అతుక్కోలేదు. ఇంతసేపూ తను మెచ్చుకున్నది ఎంత మంచి లెక్క. వెలుతురు ఎక్కడ తెగిందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పింది. ఈ మనిషి గొంతు ఎక్కడ తెగిందో చూడనే లేదు. పైగా నోరు లేదా అని అడిగింది.

“బొట్టు అన్న మాట నేను రాయను” అంది చివరికి. “అబద్ధం గూడ రాయను.”

బస్టాండు పక్క ఎస్టీడీ బూత్ నుంచి మేనేజర్‌కు ఫోన్ చేసింది. లెన్సు బాగుందని చెప్పింది. ఆయన సంతోషించి, ఇంకేం, ఆపరేటర్ మీద రాసెయ్ అన్నాడు.

“ఆపరేటర్ గూడ బాగనే ఉన్నడు సార్” అని పెట్టేసింది. హైదరాబాదు మనిషితో ఊరి యాసలో మాట్లాడానని బస్సెక్కాక గాని ఆమెకు తెలియలేదు.

*

శుక్రవారం పాలకవర్గం కూర్చుంది. అధ్యక్షుడు నారాయణ, రాజోలి దిక్కున పొలాలున్న పెద్దరైతు, మధ్య కుర్చీలో. గుమాస్తా గోడకు ఆనుకుని. గుమ్మం దగ్గర మణెమ్మ. కిటికీ అవతల విత్తనాల కోసం వచ్చిన రైతులు ఒకరి భుజం మీదుగా ఒకరు చూస్తున్నారు. గౌస్ పాషాకు కుర్చీ వెయ్యలేదు. నిలబడ్డాడు.

భూలక్ష్మి తన కాగితం చదివింది. లెన్సులో దోషం లేదు. లోపలి పొడుగాటి అద్దం మీద, కుడివైపున, చిటికెనవేలి గోరంత అడ్డు ఒకటి అంటుకుని ఉంది. దాన్ని తీస్తే గీత పోతుంది. అది అజాగ్రత్తగా వాడినందువల్ల వచ్చిన లోపం కాదు.

“సీలు తియ్యక ముందే లోపల ఏమున్నదో ఎట్ల చెప్తవమ్మా?” అన్నాడు నారాయణ.

“తీసి చూడుండ్రి. లేకపోతే నా కాగితం చింపెయ్యుండ్రి.”

చిటికెనవేలి గోరంత అన్న మాట దగ్గర బాలకిష్టయ్య కళ్ళు ఒకసారి మణెమ్మ నొసటి మీదికి పోయి వచ్చాయి. ఆయన గబుక్కున లేచాడు. “నేనే తీస్తా. సీలేసింది నేను గదా.” లక్క పగిలి ముక్కలు బల్ల మీద రాలాయి. పురికొస విప్పి మూత ఎత్తి, తన పెద్ద వీపును అందరికీ అడ్డంగా పెట్టి, జేబురుమాలుతో లోపల ఏదో గీకాడు, తుడిచాడు. రుమాలు మడిచి జేబులో దోపుకున్నాడు.

“ఏం లేదు. ఉత్త దుమ్ము.” మూత వేసి వెనక్కి తిరిగాడు. “అచ్చు కొట్టు చూద్దాం.”

గౌస్ పాషా కీ నొక్కాడు. ప్రింటర్ మూలిగి ఒక చిట్టీ వదిలింది. కురుమయ్య పేరు. చార లేదు. మొదటి నుంచి చివరి దాకా నిండుగా ఉంది.

“చూసిండ్రా. దుమ్ము. రోజూ తుడవాల్సింది ఎవరు?” బాలకిష్టయ్య గొంతు గదిని నింపింది. “పదిమంది రైతుల నోట్ల మట్టి కొట్టింది ఎవరు?” చూపుడువేలు సాచి గౌస్ పాషా గుండెకు గురిపెట్టాడు. “గీయన.”

ఎవరూ గౌస్ పాషా వైపు చూడలేదు. అందరూ ఆ వేలి వైపు చూశారు. రుమాలుకు అంటుకోవాల్సింది వేలికి అంటుకుంది. వేలి కొసన, ముదురెరుపుగా, గుండ్రంగా, బొట్టుబిళ్ళ.

“సార్” అంది మణెమ్మ గుమ్మంలోంచి, “అది నాది.”

బాలకిష్టయ్య వేలు ముడుచుకున్నాడు. బిళ్ళ అరచేతికి అంటుకుంది.

“నొసటిది తీసి నేనే అంటిచ్చిన అధ్యక్షా, ఆయుధ పూజ నాడు” అంది మణెమ్మ. “లోపల పెట్టు అన్నది సార్. మూత తీసి పట్టుకో అన్నది సార్. గౌస్ భాయ్ పట్టుకున్నడు. పూజ తప్పు కాదు, తప్పు ఉంటే నాది. ఆయనది మాత్రం కాదు.”

గది నిండా కుర్చీలు కిర్రుమన్నాయి. నారాయణ కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, పెద్దరికం తెచ్చుకున్నాడు. “సరేతీ. భక్తితోని చేసిండ్రు. ఎవర్నీ అననీకి లేదు. గౌస్‌ను గూడ క్షమించినం అనుకుందాం. రాసుకో” అని గుమాస్తాకు చెప్పాడు.

“దేనికి?” అంది భూలక్ష్మి. ఇంకా చాలా అనబోయింది. కానీ ఆమె పక్కనుంచి ఒక గొంతు వచ్చింది. మెల్లగా, ప్రతి మాటకూ మూలలు సరిచూసుకుంటూ వచ్చింది.

“క్షమించినం అని రాయకుండ్రి సార్” అన్నాడు గౌస్ పాషా. “మెమో తప్పని రాయుండ్రి. వాపసు తీసుకున్నం అని రాయుండ్రి. లేకుంటే నేనే పోత.”

గుమాస్తా కలం గాల్లో ఆగింది. నారాయణ బాలకిష్టయ్య వైపు చూశాడు. బాలకిష్టయ్య తన అరచేతి వైపు చూసుకుంటున్నాడు. కిటికీ అవతల ఎవరో దగ్గారు. అందరూ చూస్తున్నారని నారాయణకు అప్పుడు గుర్తొచ్చింది.

“తప్పని రాయి” అన్నాడు.

గౌస్ పాషా కుర్చీలో కూర్చుని, జానెడు దొంతరలోంచి మొదటి చిట్టీ తీసి, దాని మీది పేరు టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

బయట గేటు దగ్గర, కిటికీ అందని రైతులు పెంటయ్య చుట్టూ మూగారు. పెంటయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అందరికీ వినపడేలా చెప్పాడు.

“ఇనుండ్రి. గీమె బీమా ఆమె కాదు, నేను తప్పు ఇన్న. బీమ్ ఆమె. బీమ్ అంటే మిషన్ లోపలి వెలుతురు. వెలుతురు పోయే అద్దానికి మణెమ్మ బొట్టుబిళ్ళ అంటిచ్చింది, సార్ పెట్టుమన్నడు గాబట్టి. బిళ్ళ అడ్డమొచ్చి మీ పేర్లు ఖాళీ వడ్డయి. గిప్పుడు తీసిండ్రు. గౌస్ పాషాది ఏం లేదు, మూత తీసి పట్టుకొమ్మంటే పట్టుకున్నడు, గంతే.”

అందరికీ అర్థమైంది. తలలూపారు. కురుమయ్య ఒక్కడే తల ఊపలేదు. కొత్త చిట్టీ వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు.

“పూజకు మీ ఆఫీసోళ్ళందరు ఉన్నరు గదా” అన్నాడు పెంటయ్యతో. “మూత తియ్యుమన్నది సారేనని అందరు ఇన్నరు గదా. మరి ఇన్నొద్దులు ఒక్కడన్న నోరు తెర్వకపాయెనేంది?”

పెంటయ్య నోరు తెరిచాడు. గేటు పక్కన, తను కొట్టిన గుమ్మడికాయ ఎర్రటి మరక రాతి మీద ఇంకా పోలేదు. దాని మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

“లైన్ల నిలవడుండ్రి” అన్నాడు.